మంచు వాలు నుంచి పాత కలప దాకా

విశాఖపట్నంలో ఇళ్ళ లోపలి అలంకరణ పని చేస్తున్న నాకు, ఈ వృత్తిలో ముందు నడిచినవారు ఎక్కడెక్కడి నుంచి వచ్చారో తెలుసుకోవడం చాలాకాలంగా ఉన్న ఇష్టం. కొందరు వాస్తుశిల్పం చదివి వచ్చారు, కొందరు బట్టల దుకాణాల నుంచి వచ్చారు, కొందరు నాటకరంగం నుంచి వచ్చారు. ఒలింపిక్ క్రీడల మంచు వాలు మీద నుంచి ఈ పనిలోకి వచ్చినవారు మాత్రం నాకు తెలిసి ఒక్కరే. ఆయన పేరు బారన్ పియర్స్ వాన్ వెస్టెన్‌హోల్జ్. 1943లో పుట్టిన ఈ ప్రభువంశీకుడు 1964లో ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో జరిగిన శీతాకాల ఒలింపిక్స్‌లో బ్రిటన్ తరఫున ఆల్పైన్ స్కీయింగ్‌లో పోటీ చేశారు. ఆ తరువాత లండన్‌లో పురాతన గృహసామగ్రి వర్తకుడిగా, ఇంటి అలంకరణ నిపుణుడిగా పేరు పొందారు.

ఈ సంగతి మొదట తెలిసినప్పుడు ఇవి ఒకదానితో ఒకటి పొసగని రెండు జీవితాలని నేనూ అనుకున్నాను. ఆ లోకం గురించి చదువుతూ పోయిన కొద్దీ అభిప్రాయం మారింది. ఆ క్రీడ ఎవరి చేతుల్లో పుట్టిందో, ఆ వర్తకం ఎవరి ఇళ్ళు కూలిపోతున్నప్పుడు పెరిగిందో చూస్తే, రెండింటికీ తల్లివేరు ఒకటే. ఆ ఇళ్ళలోని గదులను పరిశీలిస్తే, ఆ వేరు కొస ఒకటి మా ఊరి కంసాలి వీధుల దాకా పాకి ఉందని కూడా తెలుస్తుంది. ఈ రెండో విషయమే నన్ను ఇది రాసేటట్టు చేసింది.

ముందు క్రీడ సంగతి. కొండ మీద నుంచి వాలు వెంట కిందికి దిగే స్కీయింగ్‌ను పోటీగా మలచినవారిలో ప్రధానులు, ఆల్ప్స్ పర్వతాలు పుట్టిల్లుగా గలవారు కాదు, చలికాలం గడపడానికి స్విట్జర్లాండ్ వెళ్ళే సంపన్న ఆంగ్లేయులు. వారికి నాయకుడి వంటివాడు ఆర్నాల్డ్ లన్. ఆయన 1888లో పుట్టింది మద్రాసులో. తండ్రి హెన్రీ లన్ మెథడిస్టు మిషనరీగా అక్కడికి వచ్చి ఉన్నారు. ఆ కొడుకు పెద్దవాడై 1922లో స్విట్జర్లాండ్‌లోని మ్యూరెన్‌లో, జెండాల మధ్య మలుపులు తిరుగుతూ దిగే నేటి స్లాలం పోటీకి రూపం ఇచ్చాడు. దానికి ముందే, 1911లో, స్విట్జర్లాండ్‌లోనే ఉన్న మోంటానాలో జరిగిన తొలి డౌన్‌హిల్ (కొండ పైనుంచి కిందికి ఒకే ఊపున వేగంగా దిగే) పోటీలలో ఒకదానికి 'రాబర్ట్స్ ఆఫ్ కాందహార్' కప్పు అని పేరు పెట్టారు. ఆ రాబర్ట్స్ కాన్పూరులో పుట్టి, 1880లో కాబూల్ నుంచి కాందహార్‌కు సైన్యాన్ని నడిపించి, తరువాత మద్రాసు సైన్యానికి సేనాధిపతిగా పనిచేసిన ఆంగ్ల సేనాని. 1924లో మ్యూరెన్‌లో స్థాపించిన స్కీ క్లబ్బుకు కూడా కాందహార్ పేరే పెట్టారు. ఐరోపా మంచు కొండల మీద ఆడే ఆటకు అఫ్ఘాన్ పట్టణం పేరు ఉండటం వెనుక ఒక సామ్రాజ్యం మొత్తం ఉంది. ఆ సామ్రాజ్యపు సొమ్ముతో కట్టిన ఇళ్ళ పిల్లలే ఆ క్లబ్బులలో స్కీయింగ్ నేర్చుకున్నారు.

ఆల్పైన్ స్కీయింగ్ ఒలింపిక్స్‌లోకి 1936లో వచ్చింది. అదే ఏడు మన విజయనగరం మహారాజకుమారుడు, 'విజ్జీ' అని క్రికెట్ లోకమంతా పిలిచిన దొర, భారత జట్టుకు నాయకుడిగా ఇంగ్లండు వెళ్ళారు. మూడు టెస్టులు ఆడి మొత్తం 33 పరుగులు చేశారు. జట్టులో ఆయన కంటే గొప్ప ఆటగాళ్ళు ఎందరో ఉండగా నాయకత్వం ఆయనకు దక్కడానికి వంశమూ ధనమూ కారణమని చరిత్ర నిర్మొహమాటంగా చెబుతోంది. ఈ పోలికతో వెస్టెన్‌హోల్జ్ గారిని తగ్గించాలన్నది నా ఉద్దేశం కాదు. గడియారంతో పోటీ పడే స్కీయింగ్‌లో వంశం చూసి ఎవరూ సెకన్లు తగ్గించరు. అయితే ఆ వాలు పైకి చేరుకోవడానికి మాత్రం డబ్బు కావాలి. ఆటను వృత్తిగా చేసుకుని సంపాదించేవారికి ఒలింపిక్స్‌లో చోటు లేదన్న అమెచ్యూర్ నియమం అప్పటికి కఠినంగా అమలులో ఉంది. 1972 నాటికి కూడా ఆస్ట్రియా స్కీయర్ కార్ల్ ష్రాంజ్‌ను ఆ కారణంతోనే సప్పోరో క్రీడల నుంచి బయటకు పంపించారు. కొండ ఊళ్ళో పుట్టని మనిషి జీతం లేకుండా నెలల తరబడి మంచులో సాధన చేయాలంటే, ఇంట్లో ఆస్తి ఉండాలి. బ్రిటన్ జట్టులో ప్రభువంశీకుల పేర్లు తరచు కనిపించడానికి ఇదొక పెద్ద కారణం.

ఇన్స్‌బ్రుక్ క్రీడలు 1964 జనవరి 29 నుంచి ఫిబ్రవరి 9 వరకు జరిగాయి. ఆ ఏడు అక్కడ సరిపడా మంచు కురవలేదు. ఆస్ట్రియా సైన్యం ఎత్తైన కొండల నుంచి 40,000 ఘనమీటర్ల మంచును తెచ్చి స్కీ వాలుల మీద పరచింది. స్లెడ్జి బండ్ల మార్గాల కోసం 20,000 మంచు దిమ్మెలను కోసి తెచ్చింది. సైనికులు ఆ మంచును చేతులతో, కాళ్ళతో అదిమి గట్టిపరచారు. క్రీడలు మొదలవడానికి ముందే ఇద్దరు చనిపోయారు. ఆస్ట్రేలియా స్కీయర్ రాస్ మిల్న్ డౌన్‌హిల్ సాధనలో చెట్టుకు తగిలి ప్రాణం విడిచాడు. అతనికి 19 ఏళ్ళు. బ్రిటన్ తరఫున ల్యూజ్ బండి (వెల్లకిలా పడుకుని మంచు దారిలో జారే చిన్న స్లెడ్జి) నడిపే కజిమియెర్జ్ కే-స్క్రిపెస్కీ కూడా సాధనలోనే మరణించాడు. ఇరవై ఏళ్ళ బారన్ ఆ రోజుల్లో అదే ఊళ్ళో, అదే జట్టు దుస్తుల్లో ఉన్నారు.

పురుషుల డౌన్‌హిల్ పాచెర్‌కోఫెల్ కొండ మీద జరిగింది. మార్గం పొడవు మూడు కిలోమీటర్ల పైచిలుకు. ఆస్ట్రియాకు చెందిన ఎగాన్ జిమ్మర్‌మాన్ 2 నిమిషాల 18.16 సెకన్లలో దిగి స్వర్ణం గెలిచాడు. లెక్క కడితే సగటున గంటకు 80 కిలోమీటర్ల వేగం అన్నమాట. మలుపులు దూరదూరంగా ఉండే జెయింట్ స్లాలం ఫ్రాన్స్‌కు చెందిన ఫ్రాన్స్వా బోన్లియూకు, స్లాలం ఆస్ట్రియాకు చెందిన పెపి స్టీగ్లర్‌కు దక్కాయి. బ్రిటన్ స్కీయర్లకు పతకం ఏదీ రాలేదు. ఆ దేశానికి ఆ క్రీడల్లో వచ్చిన స్వర్ణం ఇద్దరు మనుషులు కూర్చుని మంచు గాడిలో జారే బండి పోటీలో, అంటే బాబ్‌స్లెడ్జిలో వచ్చింది. గెలిచినవారు టోనీ నాష్, రాబిన్ డిక్సన్. ఈ డిక్సన్ కూడా ప్రభువంశీకుడే, తరువాతి కాలంలో లార్డ్ గ్లెన్‌టోరన్ అయ్యారు. వారి బండికి ఇరుసు మర విరిగిపోతే, ప్రత్యర్థి జట్టైన ఇటలీ నాయకుడు యూజెనియో మాంటీ తన బండిలోని మరను ఊడదీసి ఇచ్చాడు. ఆ ఒక్క మర కథ కోసమైనా ఇన్స్‌బ్రుక్ క్రీడలను గుర్తుపెట్టుకోవాలని నాకు అనిపిస్తుంది.

మన దేశం మొదటిసారి శీతాకాల ఒలింపిక్స్‌లో పాల్గొన్నది కూడా అక్కడే. భారత్ తరఫున వెళ్ళిన ఏకైక క్రీడాకారుడు జెరెమీ బుజాకోవ్‌స్కీ, పోలండు మూలాలున్న కుటుంబంలో పుట్టినవాడు. అతని తల్లిదండ్రులు 1930లలో మోటారు సైకిలు మీద పోలండు నుంచి ఆసియా దాటి షాంఘై దాకా ప్రయాణించినవారు. ఇన్స్‌బ్రుక్ డౌన్‌హిల్‌ను అతను పూర్తి చేయలేకపోయాడు. నాలుగేళ్ళ తరువాత ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో జరిగిన శీతాకాల ఒలింపిక్స్‌కు మళ్ళీ ఒంటరిగానే వెళ్ళాడు. అంటే ఆ శీతాకాలంలో ఇంగ్లండు బారనూ, భారత్ జెండా పట్టుకున్న పోలండు కుర్రవాడూ ఒకే క్రీడల్లో పేర్లు నమోదు చేసుకున్నారు. సామ్రాజ్యం ముగిసిన పదిహేడేళ్ళకు, ఆ రెండు దేశాలు ఆ కొండ మీద కలుసుకున్న తీరు అది.

ఇక ఈ క్రీడనూ ఆ వర్తకాన్నీ కలిపే చూపు సంగతికి వస్తాను. స్లాలంలో పోటీకి ముందు గేట్ల (దారి చూపే జెండాల) మధ్య నుంచి దిగి సాధన చేయనివ్వరు. పోటీదారు వాలు పక్కగా వెళుతూ ఒక్కొక్క గేటునూ చూడాలి, ఎక్కడ మంచు గట్టిగా ఉందో, ఎక్కడ వాలు విరుగుతోందో, ఏ మలుపులో ముందుగా ఒరగాలో మనసులో గీసుకోవాలి. తరువాత కళ్ళు మూసుకుని ఆ గీత మొత్తాన్ని ఒకసారి నడవాలి. దిగడం మొదలయ్యాక ఆలోచించే వ్యవధి ఉండదు. ముందు చూసినదే కాళ్ళలోకి రావాలి. పాత సామగ్రి వర్తకుడి పని కూడా దీనికి చాలా దగ్గరగా ఉంటుంది. ఒక పెద్ద ఇంటి సామాను వేలానికి వచ్చినప్పుడు వస్తువులను చూడటానికి ఇచ్చే సమయం ఒకటి రెండు రోజులు. వందల వస్తువుల మధ్య తిరుగుతూ, సొరుగులు లాగి, బల్లలు తిరగేసి, ఏది అసలుదో ఏది అతుకులదో మనసులో గీసుకోవాలి. పాట మొదలయ్యాక ఒక్కొక్క వస్తువుకూ దక్కేది నిమిషం కూడా కాదు. ఈ పోలిక వెస్టెన్‌హోల్జ్ గారు చెప్పినది కాదు, నేను చేసుకున్నది. కానీ ఆయన రెండు వృత్తులను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు, ఒకే తర్ఫీదు రెండు చోట్ల పనికివచ్చిందనే నా నమ్మకం.

ఆ చూపు విలువ ఎంతో చెప్పడానికి 1977లో ఇంగ్లండులోని మెంట్‌మోర్ భవనంలో జరిగిన సామాను వేలం చాలు. రోత్స్‌చైల్డ్ కుటుంబం కట్టించి, తరువాత రోజ్‌బెరీ ప్రభువుల చేతికి వచ్చిన ఆ భవనాన్ని సామానుతో సహా 20 లక్షల పౌండ్లకు తీసుకోమంటే బ్రిటన్ ప్రభుత్వం ముందుకు రాలేదు. సామానును సోథెబీస్ సంస్థ వేలం వేస్తే 60 లక్షల పౌండ్లకు పైగా వచ్చింది. అందులో వేరే చిత్రకారుడి పేరుతో జాబితాలోకి ఎక్కిన ఒక చిత్రాన్ని డేవిడ్ కారిట్ అనే వర్తకుడు 8,000 పౌండ్లకు కొన్నారు. అది ఫ్రెంచి చిత్రకారుడు ఫ్రాగొనార్ గీసిన తొలినాళ్ళ చిత్రమని ఆయన కళ్ళు గుర్తుపట్టాయి. మరుసటి ఏడు లండన్ నేషనల్ గ్యాలరీ దాన్ని 4,95,000 పౌండ్లకు తీసుకుంది. వందలమంది చూసిన గోడ మీదనే ఆ చిత్రం వేలాడుతూ ఉండింది.

వెస్టెన్‌హోల్జ్ తరం ఈ వర్తకంలోకి అడుగుపెట్టిన కాలం అటువంటిది. రెండో ప్రపంచయుద్ధం తరువాత బ్రిటన్‌లో పెద్ద ఆస్తుల మీద మరణానంతర పన్ను 1949 నాటికి 80 శాతానికి చేరింది. పనివారు దొరకని, పైకప్పు బాగుచేయించలేని పల్లెటూరి భవనాలను యజమానులు కూల్చివేయించారు. 1974లో లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం, గత నూరేళ్ళలో నేలమట్టమైన భవనాల గురించి ఒక ప్రదర్శన పెట్టినప్పుడు, కూలిపోయిన ఇళ్ళ పేర్లను ఒక గొంతు వరుసగా చదువుతుంటే జనం కన్నీళ్ళు పెట్టుకున్నారని అంటారు. ఆ ఇళ్ళ నుంచి బయటపడిన బల్లలు, అద్దాలు, పుస్తకాల బీరువాలు, వేట గదుల బెంచీలు లండన్ దుకాణాలకు చేరాయి. ఆ దుకాణాలు వరుసగా ఉండే వీధులలో ముఖ్యమైనది పిమ్లికో రోడ్డు. వెస్టెన్‌హోల్జ్ గారి వ్యాపారం కూడా అక్కడే పేరు తెచ్చుకుంది. అటువంటి ఇళ్ళ మధ్య పెరిగిన మనిషికి ఒక సౌలభ్యం ఉంటుంది. ఒక బల్ల హాలులో ఉండవలసినదో, తోటలోకి వెళ్ళే తలుపు పక్కన బూట్లు విప్పే చోట ఉండవలసినదో ఆయనకు పుస్తకం చెప్పనక్కరలేదు. చిన్నప్పుడు దానికి కాలు తగిలించుకుని ఉంటాడు.

వెస్టెన్‌హోల్జ్ గారి పేరు వెతుక్కుంటూ కాకపోయినా, చదువు కోసం ఒక చలికాలం లండన్‌లో ఉన్నప్పుడు నేను ఆ వీధిలో చాలాసార్లు నడిచాను. కొనే స్తోమత లేని విద్యార్థిని అని తెలిసి కూడా ఒక పెద్దాయన నన్ను లోపలికి పిలిచి, ఒక గుండ్రటి బల్లను చూపించి, టేపు నా చేతికి ఇచ్చి కొలవమన్నారు. ఒక దిక్కున కొలిస్తే ఒక లెక్క వచ్చింది, దానికి అడ్డంగా కొలిస్తే దాదాపు సెంటీమీటరు తక్కువ వచ్చింది. చెక్క నార దిశలో దాదాపుగా కుదించుకోదు, నారకు అడ్డంగా మాత్రం ఏళ్ళ తరబడి కుదించుకుంటూ వస్తుంది. కాబట్టి రెండు వందల ఏళ్ళ కిందటి గుండ్రటి బల్ల నేడు నిజంగా గుండ్రంగా ఉండదు. కచ్చితమైన వృత్తంగా ఉంటే అనుమానించాలి. ఆ పాఠం నాకు ఏ తరగతి గదిలోనూ దొరకలేదు.

తరువాత నేర్చుకున్నవి ఇంకా ఉన్నాయి. సొరుగు లోపలి చెక్కకు రంగు పూయరు కనుక, అది గాలికి మాత్రమే నల్లబడి పొడిగా ఉండాలి. లోపల కూడా నిగనిగలాడుతుంటే ఎవరో పాతదనం పూశారని అర్థం. పిడులు మార్చి ఉంటే సొరుగు లోపలివైపు పూడ్చిన పాత రంధ్రాలు కనిపిస్తాయి. అడుగు చెక్క మీద రంపపు గీతలు తిన్నగా ఉంటే చేతి రంపం, విల్లులా వంగి ఉంటే చక్రపు రంపం. చక్రపు రంపం వాడుక పెరిగింది పందొమ్మిదో శతాబ్దంలో. రెండు వేరు వేరు వస్తువుల పై భాగాన్నీ కింది భాగాన్నీ కలిపి ఒకటిగా నిలబెడితే లండన్ వర్తకులు దాన్ని 'పెళ్ళి' అంటారు. అటువంటి జత ఎంత అందంగా ఉన్నా ధర సగానికి పడిపోతుంది. ఈ మాటలన్నీ మన వడ్రంగులకు చెబితే ఆశ్చర్యపోరు. చిత్రిక పట్టిన చెయ్యి ఏదో, యంత్రం పట్టిన చెక్క ఏదో వాళ్ళ వేళ్ళకు తెలుసు.

అలంకరణ విషయానికి వస్తే, ఆంగ్ల పల్లె భవనపు తీరు అని ప్రపంచం నేడు అనుకరిస్తున్నది ఒక పథకం ప్రకారం పుట్టినది కాదు. ఒకే గదిలో మూడు నాలుగు తరాల వస్తువులు చేరతాయి, తాత కుర్చీకి మనుమరాలు కొత్త గలీబు వేస్తుంది, ఎండకు వెలిసిన తెరలను ఎవరూ మార్చరు. జాన్ ఫౌలర్, నాన్సీ లాంకాస్టర్ వంటి అలంకరణ నిపుణులు ఈ సహజమైన పోగుపడటాన్ని ఒక శైలిగా మలిచారు. ఆ శైలిలో అతి ముఖ్యమైన బట్ట పూల అచ్చుల నూలు. ఇంగ్లీషువారు 'చింట్జ్' అంటారు. ఆ మాట మన దేశపు 'ఛీంట్' నుంచి వెళ్ళింది, ఆ బట్ట మచిలీపట్నం తదితర కోరమాండల్ రేవుల నుంచి ఓడలెక్కింది. మన తీరపు నూలు వస్త్రాల ధాటికి తట్టుకోలేక ఇంగ్లండు 1700లోనూ మళ్ళీ 1721లోనూ వాటి వాడకాన్ని అడ్డుకుంటూ చట్టాలు చేసింది. అయినా అవి ఆగలేదు. తరువాత అక్కడే అచ్చు వేయడం మొదలుపెట్టారు. నేడు హైదరాబాదులో ఎవరైనా ఇంగ్లీషు పల్లె ఇల్లులా గది కావాలని అడిగితే, ఆ తెరల మీది పువ్వు కృష్ణా తీరానికి ఎంత దగ్గరిదో నేను తప్పకుండా చెబుతాను.

బట్టను మించిన దగ్గరితనం చెక్కలో ఉంది. లండన్ వేలంపాటల జాబితాలలో 'విజగపటం' అనే మాటకు, అంటే మా విశాఖపట్నం పాత ఇంగ్లీషు పేరుకు, ఊరి పేరుగా కంటే పని పేరుగా విలువ. పద్దెనిమిదో శతాబ్దంలో మా ఊరి కంసాలులు జిట్రేగి చెక్కలోనూ ఎబొనీ అనే నల్ల చెక్కలోనూ ఏనుగు దంతపు రేకులను పొదిగి, ఆ దంతం మీద సన్నగా పూల తీగలు చెక్కి, ఆ గీతలలో నల్లటి లక్క నింపేవారు. చుట్టూ అంచుగా పాకే ఆ తీగలు చూస్తే అప్పటి కలంకారీ బట్టల అంచులు గుర్తుకు వస్తాయి. ఒకే తీరంలో బట్ట మీద పనిచేసే చెయ్యీ చెక్క మీద పనిచేసే చెయ్యీ ఒకదాన్ని ఒకటి చూసుకున్నాయనే అనుకుంటాను. 1756లో ఇక్కడికి వచ్చిన ఒక ఆంగ్ల సైనికాధికారి, ఈ ఊరి పొదుగుడు పనిని మెచ్చుకుంటూ రాసిపెట్టాడు. కంపెనీ అధికారులు ఇంగ్లండు నమూనాలు ఇచ్చి కుర్చీలు, రాతబల్లలు, అద్దాల పెట్టెలు చేయించుకున్నారు. కాలం గడిచాక గంధపు చెక్క మీద పూర్తిగా దంతపు రేకులు తాపడం చేసి, వాటి మీద ఆంగ్లేయుల భవనాల బొమ్మలు కూడా చెక్కారు. తాము ఎన్నడూ చూడని ఇళ్ళను కాగితం మీది బొమ్మ చూసి దంతం మీదికి ఎక్కించిన ఆ చేతుల నైపుణ్యం తలచుకుంటే నాకు ఒళ్ళు పులకరిస్తుంది. 1781లో మూడవ జార్జ్ రాజు, మద్రాసు గవర్నరుగా పనిచేసిన అలెగ్జాండర్ వించ్ ఇంటి సామాను వేలంలో ఇటువంటి దంతపు కుర్చీలను రాణి షార్లెట్ కోసం కొన్నారు. అవి ఇప్పటికీ బ్రిటన్ రాజకుటుంబపు సేకరణలో ఉన్నాయి.

చేసినవారి పేర్లు మాత్రం ఎక్కడా లేవు. ఆ కుర్చీ ఎవరి వేలంలో ఎంతకు పోయిందో, ఎవరి గదిలో ఎన్నేళ్ళు ఉందో వరుస తప్పకుండా రాసి ఉంటుంది. ఏ వీధిలో ఏ ఇంటి కంసాలి దాన్ని చేశాడో ఒక్క అక్షరం ఉండదు. నాకు దీని మీద బాధ ఉంది, అది తగ్గదు. అయినా ఆ వస్తువులను జాగ్రత్తగా నిలబెట్టిన వర్తకుల మీద నాకు కోపం లేదు. కూలిపోయిన ఇళ్ళ నుంచి వాటిని తీసి, చెదలు పట్టకుండా, ఎండలో పగలకుండా, కొత్త వార్నిషు పూసి చంపకుండా కాపాడినవారు వాళ్ళే. వెస్టెన్‌హోల్జ్ వంటివారు వస్తువును గాజు పెట్టెలో కాక, మనుషులు కూర్చునే గదిలో పెట్టడానికి అమ్మారు. వాడుకలో ఉన్న వస్తువుకు ఆయుష్షు ఎక్కువ. దంతం ఉన్న వస్తువుల విషయంలో మాత్రం ఇప్పుడు ఆ దారి చాలావరకు మూసుకుపోయింది. 2022 జూన్ 6 నుంచి బ్రిటన్‌లో అమలైన దంతపు చట్టం ప్రకారం, 1947కు ముందు చేసి, దంతం పది శాతం కంటే తక్కువ ఉన్నవాటికీ, 1918కు ముందువైన అత్యంత విశిష్టమైన వస్తువులకూ, మరికొన్ని మినహాయింపులకూ తప్ప వ్యాపారానికి అనుమతి లేదు. ఏనుగుల కోసం అది న్యాయమైన చట్టమే. మన దేశంలో 1972 నాటి చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన కళావస్తువులను ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపకూడదు, అదీ న్యాయమే.

మనవైపు లోటు చట్టంలో లేదు, చూపులో ఉంది. ఇంగ్లండులో మరణపన్ను చేసిన పనిని ఇక్కడ 1948 నాటి మద్రాసు ఎస్టేటుల (జమీందారీల) రద్దు చట్టం చేసింది. రైతుకు భూమి దక్కడం కోసం అది జరగవలసిందే. కానీ దివాణాలు మూతపడినప్పుడు లోపలి పందిరి మంచాలు, భోషాణాలు, జిట్రేగి రాతబల్లలు ఎక్కడికి పోయాయో పట్టించుకున్నవారు తక్కువ. మా అమ్మమ్మ ఇల్లు దివాణమేమీ కాదు. విజయనగరం దగ్గర ఒక మామూలు కరణాల ఇల్లు. అక్కడ ఇద్దరు పిల్లలు పడుకోగలిగినంత వెడల్పున్న టేకు భోషాణం ఉండేది. దాని మూత మీద ఇత్తడి పువ్వులు, లోపల ఒక పక్కన రహస్యపు అర, అడుగున చక్రాలు. నేను కాలేజీలో ఉండగా ఒక పాత సామాన్ల దళారి వచ్చి, చెక్క బరువుకు వెల కట్టి, వంట చెరకు కంటే కాస్త ఎక్కువ ఇచ్చి తీసుకుపోయాడు. ఇత్తడి పువ్వులను వేరుగా అమ్ముకోవడానికి గడపలోనే ఊడబెరికాడట. మామయ్యను తప్పుపట్టలేను, ఇల్లు చిన్నదైంది, మోయడానికి మనుషులు లేరు, దాని విలువ చెప్పే మనిషి ఆ చుట్టుపక్కల ఒక్కరూ లేరు. పిమ్లికో రోడ్డు వంటి వీధి మన ఊళ్ళలో ఒక్కటి ఉండి ఉంటే, కొనేవాడికీ అమ్మేవాడికీ మధ్య కలప చదవగలిగిన కన్ను ఒకటి ఉండి ఉంటే, ఆ భోషాణం ఇవాళ ఎవరి ఇంట్లోనైనా పరుపులు మోస్తూ ఉండేది.

అందుకే ఇప్పుడు ఇంటి పని ఒప్పుకునే ముందు, ఆ కుటుంబానికి పల్లెలో పాత ఇల్లు ఉందా, అక్కడ అటకల మీద ఏమి మిగిలాయి అని తప్పకుండా అడుగుతున్నాను. పది ఇళ్ళలో రెండు ఇళ్ళకైనా ఏదో ఒకటి దొరుకుతుంది. కిందటి నెల అలా భీమునిపట్నంలోని ఒక పాత ఇంటి నుంచి గుండ్రటి భోజనపు బల్ల ఒకటి వచ్చింది. ఒకే కాలు మీద నిలబడి, అడుగున మూడు పంజాలున్న టేకు బల్ల. దాన్ని మా మేస్త్రి గారికి అప్పగించాను. రెండు రోజుల తరువాత ఆయన ఫోను చేసి, "అమ్మా, ఇది గుండ్రంగా లేదు, ఓ పక్క లాగేసింది, చిత్రిక పట్టి సరిచేసేయనా?" అని అడిగారు. "వద్దు మేస్త్రి గారూ, ఏమీ తీయకండి, నేనే వస్తున్నాను" అని చెప్పి, టేపు పట్టుకుని వెళ్ళాను.

నార వెంట 122 సెంటీమీటర్లు, అడ్డంగా 121 చిల్లర. మేస్త్రి గారు నా చేతిలోని టేపు తీసుకుని తానూ రెండుసార్లు కొలిచారు. బల్లను తిరగేసి, అడుగు చెక్క మీద తిన్నని రంపపు గీతల వెంట బొటనవేలు నడిపించారు. ఆ తరువాత చిత్రికను సంచిలో పెట్టేసి, వదులైన కాలికి మాత్రం బిగింపు వేసి, పై చెక్కను మైనంతో తుడవడం మొదలుపెట్టారు. సోమవారం అది ఆ ఇంటి భోజనాల గదిలోకి వెళుతుంది.